సెర్చ్ బాక్స్ చూపించని పుస్తకాలు

(అయ్యంకి వెంకట రమణయ్య స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)



1935లో కృష్ణా డెల్టా కాలువల మీద ఒక పడవ తిరిగేది. అందులో సరుకు పుస్తకాలు. పాతూరి నాగభూషణం గారు నడిపిన ఆ పడవ గ్రంథాలయం వెనక అప్పటికే ఇరవై ఏళ్లుగా సాగుతున్న ఉద్యమం ఉంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని కూడగట్టి ఆ ఉద్యమానికి ఊపిరి పోసినవారు అయ్యంకి వెంకట రమణయ్య గారు. పడవ రేవులో ఆగితే, వచ్చినవాళ్లు పుస్తకం పేరు చెప్పి అడగాల్సిన పని లేదు. ఉన్నవేమిటో కళ్లతో చూసి, చేత్తో తిరగేసి, నచ్చింది పట్టుకెళ్లవచ్చు. ఏమడగాలో తెలియని పాఠకుడికి కూడా ఆ పడవలో మర్యాద ఉంది.

ఇవాళ లక్షల పుస్తకాలు, పత్రికలు, దస్తావేజులు స్కానై సర్వర్లలో కూర్చున్నాయి. వాటి వాకిట్లో ఉన్నది ఒకే ఒక్క తెల్ల గడి. అందులో ఏదో ఒక మాట టైపు చేస్తేనే లోపలికి ప్రవేశం. ఆ మాట ముందే తెలిసిన పరిశోధకుడికి ఇది అద్భుతమైన సౌకర్యం. కొత్తగా వచ్చినవాడికి, లోపల ఏముందో తెలియనివాడికి మూసిన తలుపే. ఆస్ట్రేలియా పరిశోధకుడు మిచెల్ వైట్‌లా 2015లో రాసిన ఒక వ్యాసంలో సరిగ్గా ఈ ఫిర్యాదే చేశాడు: సెర్చ్ బాక్స్ పిసినారిది, ముందు నువ్వడుగు, తర్వాత చూపిస్తానంటుంది, సంగ్రహాలు ఉదారంగా ఉండాలి, అడక్కముందే ఉన్నదంతా పరిచి చూపించాలి అని. గత పదిహేనేళ్లుగా గ్రంథాలయాల్లో, ఆర్కైవ్స్‌లో 'ల్యాబ్' పేరుతో జరిగిన ప్రయోగాల్లో మేలైనవన్నీ ఏదో ఒక రకంగా ఈ ఫిర్యాదుకు జవాబులే.

వాటిలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది ఆస్ట్రేలియాలోనే జరిగింది.

1901లో ఆ దేశం ఒక వలస నియంత్రణ చట్టం చేసింది. తెల్లవాళ్లు కానివాళ్లను రానివ్వకూడదన్నది ఉద్దేశం. చట్టంలో ఆ ముక్క ఎక్కడా లేదు. దాని బదులు ఒక డిక్టేషన్ పరీక్ష పెట్టారు: అధికారి ఏదో ఒక యూరపు భాషలో యాభై మాటలు చదువుతాడు, ఓడ దిగినవాడు వాటిని రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. అంటే వద్దనుకున్నవాడు ఎలాగూ తప్పుతాడు. అప్పటికే అక్కడ స్థిరపడిన చైనా, జపాన్, భారత్, సిరియా మూలాలవాళ్లు సొంతూరు చూసి రావాలన్నా ఈ పరీక్ష నుంచి మినహాయింపు పత్రం ముందుగా తీసుకుని బయల్దేరాలి. ఆ పత్రం మీద ఎదురుగా తీసిన ఫొటో ఒకటి, పక్కనుంచి తీసింది ఒకటి, వెనకవైపు అరచేతి ముద్ర. పరీక్ష 1958 దాకా సాగింది. పత్రాలు వేలకు వేలు జాతీయ ఆర్కైవ్స్‌లో మిగిలాయి.

మిగిలాయంటే, ఆఫీసు వాళ్లు కట్టిన వరసలో మిగిలాయి. కేటలాగులో కనిపించేది శ్రేణి సంఖ్య, పెట్టె సంఖ్య, సంవత్సరం. మనుషులు కనిపించరు. 2011లో టిమ్ షెరాట్, కేట్ బాగ్నల్ అనే ఇద్దరు చరిత్రకారులు ఒకే ఒక్క శ్రేణి నుంచి 12,000కు పైగా పేజీల చిత్రాలను దించుకున్నారు. ఫొటోల్లో ముఖాలను గుర్తుపట్టే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఆ పేజీల మీద నడిపారు. ప్రోగ్రాం తలకట్టు వాక్యాలు, సంతకాలు, రబ్బరు ముద్రలు అన్నిటినీ వదిలేసి ముఖాలను మాత్రమే కత్తిరించి ఇచ్చింది. సుమారు 7,000. వాటిని ఒక పేజీ మీద పక్కపక్కనే పేర్చి 'శ్వేత ఆస్ట్రేలియా అసలు ముఖం' అని పేరు పెట్టారు. ఏ ముఖాన్ని నొక్కినా దాని పత్రం తెరుచుకుంటుంది.

ఇక్కడ సాంకేతికంగా గొప్ప విషయమేమీ లేదు. కెమెరా ఫోన్లలో అప్పటికే ఉన్న విద్యే. వాళ్ల తెలివంతా ఏ ప్రశ్నకు దాన్ని వాడాలన్న దాంట్లో ఉంది. మనుషుల్ని నిఘా కాగితాలుగా మార్చిన ప్రభుత్వ వరసను వాళ్లు తిరగేశారు. ముందు మనిషి, తర్వాత కాగితం. తలపాగా చుట్టుకున్న నడివయసు మనిషిని చూసి ఎవరో తెలుసుకోవాలనిపించి నొక్కినవాడికి శ్రేణి సంఖ్య తెలియాల్సిన అవసరం లేకపోయింది. బలవంతంగా తీయించుకున్న ఫొటోలను ఇలా బహిరంగంగా పరచడం సబబేనా అన్న ప్రశ్న కూడా ఉంది. అది న్యాయమైన ప్రశ్నే. దాన్ని గుర్తు పెట్టుకునే ఈ ముఖాల గోడను చూడాలి.

రెండో ఉదాహరణ పండితులకు నచ్చేది.

విద్వత్పత్రికల పాత సంచికలతో గ్రంథాలయాల అరలు నిండిపోతుంటే, వాటిని డిజిటల్‌గా మార్చి అందరికీ ఒకేచోట ఉంచే ఆలోచనతో 1995లో అమెరికాలో 'జేస్టోర్' పుట్టింది. ఆ సంస్థ ప్రయోగశాల పేరు జేస్టోర్ ల్యాబ్స్. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీతో కలిసి వాళ్లొక పనిముట్టు చేశారు. తెర మీద నాటకం ఉంటుంది. ప్రతి పంక్తి పక్కనా ఒక అంకె. ఆ పంక్తిని ఉటంకించిన పరిశోధన వ్యాసాలు జేస్టోర్‌లో ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. నొక్కితే ఆ వ్యాసాల జాబితా, అందులో ఆ పంక్తి వచ్చిన చోటు. నాటకం చదువుకుంటూ పోయేవాడికి ఏ పంక్తి దగ్గర పండితులు గుమిగూడారో, ఏ పంక్తిని ఎవరూ కన్నెత్తి చూడలేదో దానంతటదే తెలిసిపోతుంది. పరిశోధనాంశం కోసం తిరిగే విద్యార్థికి ఆ రెండో రకమే అసలైన నిధి. తర్వాత ఇదే పద్ధతిని బైబిలుకూ, అమెరికా రాజ్యాంగానికీ కూడా పట్టించారు.

ఈ పనిముట్టు వంశవృక్షం చాలా వెనక్కి పోతుంది. ఇటలీకి చెందిన జెస్యూట్ పూజారి రొబెర్తో బూసా థామస్ అక్వినాస్ రచనల్లోని ప్రతి మాటకూ సూచిక కట్టాలని పూనుకుని, 1949లో ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి సహాయం అడిగాడు. కోటి పైచిలుకు మాటలు పంచ్ కార్డులకెక్కాయి. చివరకు 56 సంపుటాలుగా అచ్చయ్యాయి. కార్డులు కొట్టిన యువతుల పేర్లు దశాబ్దాలపాటు ఎవరూ రాయలేదన్నది ఆ కథలో ఒక మచ్చ.

తెలుగువాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. కావ్యాల చివర పద్యాల అకారాది సూచిక వేయడం మన అచ్చు పుస్తకాల ఆచారం. నన్నయ వాడిన మాటలన్నిటికీ పదప్రయోగకోశం ఉంది. సూర్యరాయాంధ్ర నిఘంటువు కోసం పండితులు కావ్యాల్లోంచి ప్రయోగాలు ఏరి కూర్చారు. యంత్రం ఊసు లేకుండా, చీటీల మీద. కాబట్టి ఇలాంటి పనిముట్టు మనకూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. భారతం తెరిస్తే ప్రతి పద్యం పక్కనా ఒక అంకె; నొక్కితే 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన 'భారతి' సంచికల్లో ఆ పద్యం మీద ఎవరెవరు ఏమేమి వాదించుకున్నారో వరసగా. తెలుగు సాహిత్య విమర్శ చరిత్రలో సగం ఆ ఒక్క తెరమీదికి వచ్చేస్తుంది.

మరి ఎందుకు లేదు? ప్రోగ్రాం రాయగలిగిన కుర్రాళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కరువు లేదు. కరువల్లా ఆ పనిముట్టు కింద ఉండాల్సిన నమ్మదగిన పాఠానికి.

లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు ఉదాహరణ చూస్తే ఇది తేటపడుతుంది. 1674 నుంచి 1913 వరకు ఆ కోర్టులో నడిచిన 1,97,745 విచారణల నివేదికలు 2003 నుంచి విడతలవారీగా ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. సామాన్యుల జీవితం గురించి ఇంగ్లిషులో ఇంతకు మించిన నిధి మరొకటి లేదనే చెప్పాలి. జేబు కొట్టినవాడు, చొక్కా దొంగిలించిన పనిమనిషి, అబద్ధపు సాక్ష్యం చెప్పిన పొరుగువాడు అందరూ ఉన్నారు. టిమ్ హిచ్‌కాక్, విలియం టర్కెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విచారణలను చదవకుండా, ఒక్కొక్కటి ఎంత పొడుగుందో లెక్కగట్టి కాలక్రమంలో చుక్కలుగా గుర్తించారు. 19వ శతాబ్దిలో ఒకచోట నుంచి చుక్కలు రెండు గుంపులుగా చీలిపోయాయి. కింది గుంపులోని నివేదికలు మరీ పొట్టివి: నిందితుడు నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, అంతే. వాదనలు వినే కోర్టు, ఒప్పుకోళ్లు నమోదు చేసే కోర్టుగా మారుతున్న క్రమం బొమ్మలో కనబడింది. ఒక్కొక్క కేసూ చదువుకుంటూ పోయే చరిత్రకారుడికి ఆ మార్పు అంత తేలిగ్గా చిక్కేది కాదు.

ఆ చుక్కల బొమ్మను నమ్మగలిగింది దాని కింద పాఠం సరిగ్గా ఉండబట్టే. 1834 దాకా ఉన్న నివేదికలను ఇద్దరు వేర్వేరుగా టైపు చేశారు. రెండు ప్రతులనూ కంప్యూటర్ పోల్చింది. తేడా వచ్చినచోటల్లా మనిషి మళ్లీ మూలం చూసి దిద్దాడు. విసుగు పుట్టించే, ఖర్చుతో కూడిన, ఎవరూ చప్పట్లు కొట్టని పని.

ఆ పని సరిగా జరగకపోతే ఏమవుతుందో 2010 డిసెంబరులో గూగుల్ బయటపెట్టిన ఎన్‌గ్రామ్ వ్యూయర్ చూపించింది. యాభై లక్షల పుస్తకాల్లో ఏ మాట ఏ ఏడాది ఎంత వాడుకలో ఉందో గీత గీసి చూపే పనిముట్టు అది. లోకమంతా మురిసిపోయింది. అయితే 1800కు ముందటి ఇంగ్లిషు అచ్చులో 'ఎస్' అక్షరానికి ఒక పొడుగు రూపం ఉండేది, చూడ్డానికి 'ఎఫ్' లాగే ఉంటుంది. యంత్రం దాన్ని 'ఎఫ్' అనే చదివింది. దాంతో 'బెస్ట్' లాంటి రోజువారీ మాటలు కూడా 18వ శతాబ్దిలో అరుదైనట్టూ, 1800 ప్రాంతంలో హఠాత్తుగా వాడుకలోకి వచ్చినట్టూ గీతలు చెప్పాయి. మారింది అచ్చు అక్షరం. మారినట్టు కనబడింది భాష. ఆ పనిముట్టు భాషల జాబితాలో తెలుగు లేదు. మన పాత పుస్తకాలు ప్రస్తుతం యంత్రానికి అర్థమవుతున్న తీరు చూస్తే, లేకపోవడమే మంచిదైందనిపిస్తుంది.

ఇక ఇంటి సంగతి.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టును తలపెట్టారు. దాని భారతీయ శాఖే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ దాని స్కానింగ్ కేంద్రాల్లో ఒకటి. ఊరి గ్రంథాలయాల బీరువాల్లో చెదలకు సిద్ధంగా ఉన్న తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఆ పుణ్యమా అని బతికాయి. తర్వాత ఆ వెబ్‌సైట్ మూతపడింది. కార్ల్ మలముద్ నడిపే సంస్థ ఆ పుస్తకాల ప్రతులను అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్ల అవి ఈనాటికీ అందుబాటులో ఉన్నాయి. ఈ రెండు మేళ్లనూ తెలుగు పాఠకులు ఎప్పటికీ మరవకూడదు.

అయితే అక్కడికెళ్లి ఒక పుస్తకం వెతికి చూడండి. చాలా తెలుగు పుస్తకాల పేర్లు తెలుగు లిపిలో ఉండవు. ఒక తరహా రోమన్ లిప్యంతరీకరణలో ఉంటాయి. దీర్ఘానికి అక్షరం రెండుసార్లు, సున్నాకు 'ఎన్' పక్కన అపాస్ట్రఫీ. 'ఆంధ్ర' అని తెలుగులో కొట్టినవాడికి ఆ పుస్తకం తగలదు. మామూలు ఇంగ్లిషు స్పెల్లింగులో కొట్టినవాడికీ తగలదు. రచయిత పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట లేకుండా, ఒకచోట సంపాదకుడి పేరే రచయితగా. రెండో సంపుటం దొరుకుతుంది, మొదటిది ఇంకేదో పేరు కింద దాక్కుని ఉంటుంది. పుస్తకం ఉంది, ఉచితంగా ఉంది, ప్రపంచంలో ఎక్కడినుంచైనా అందుతుంది. కావలసినవాడికి మాత్రం అది లేనట్టే.

పేరు దాటి పేజీలోకి వెళ్తే మరో కథ. అచ్చు తెలుగును యంత్రం చేత చదివించే ప్రయత్నం (ఓసీఆర్) మన దగ్గర చాలా ముందే మొదలైంది. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు గార్లు దీనిమీద 1977లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తెలుగు ఓసీఆర్ వ్యవస్థను అంతర్జాతీయ సదస్సులో వివరించారు. ఇవాళ టెసరాక్ట్, గూగుల్ లాంటి ఓసీఆర్ పనిముట్లు శుభ్రంగా అచ్చయిన ఇప్పటి పుస్తకాన్ని బాగానే చదువుతున్నాయి. వందేళ్ల నాటి పుస్తకం దగ్గరే చిక్కంతా. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. సిరా పలచబడితే రెండూ పోతాయి. మ, య ఒకదానికొకటి మారతాయి. ఒత్తులు కిందికి జారి పక్క వరసలో కలిసిపోతాయి. అరసున్న మచ్చ అనుకుని యంత్రం తుడిచేస్తుంది.

ఇవన్నీ దాటి పాఠం సరిగ్గా వచ్చిందనుకున్నా వెతుకులాట తేలిక కాదు. పాతకాలపు వచనంలో సరళాదేశంతో 'పుస్తకమును జదివి' అని ఉంటుంది. 'చదివి' అని వెతికితే రాదు. 'గ్రంథము', 'గ్రంథం', 'గ్రంధం' మూడూ యంత్రం దృష్టిలో మూడు వేర్వేరు మాటలు. పదాల మధ్య ఖాళీ వదలాలన్న పట్టింపు ఆనాటి ముద్రాపకులకు అంతగా లేదు. ఇంగ్లిషు కోసం తయారైన పనిముట్టును తెచ్చి దీని మీద బిగిస్తే అది పనిచేస్తున్నట్టే కనబడుతుంది. ఎంత వదిలేసిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దొరకనిది జాబితాలో కనిపించదు కదా.

కొత్త తరం కృత్రిమ మేధ దీన్ని చక్కబెట్టేస్తుందన్న ధీమా ఇప్పుడు బాగా వినిపిస్తోంది. కొంత నిజమే. జేస్టోర్ 2023లో మొదలుపెట్టిన ప్రయోగంలో పాఠకుడు వ్యాసాన్ని ప్రశ్నలడగవచ్చు. జవాబు వ్యాసంలో ఎక్కడిదో చూపిస్తుంది. తెలుగు పేజీని కూడా ఈ కొత్త నమూనాలు ఆశ్చర్యపడేంత బాగా చదువుతున్నాయి. ప్రమాదమూ అక్కడే. పాత ఓసీఆర్ పొరబడితే అర్థం లేని అక్షరాల గుత్తి వచ్చేది. చూడగానే తప్పని తెలిసేది. కొత్తది పొరబడితే చిరిగిన చోట చక్కటి తెలుగు మాట ఒకటి పెట్టేస్తుంది, కొన్నిసార్లు ఛందస్సు కూడా సరిపోతుంది. పాఠాంతరాల విలువ తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద కీడో విడమరచి చెప్పనక్కర్లేదు. సి.పి. బ్రౌన్ పండితుల చేత వేమన పద్యాల ప్రతులు పోల్పించి, 1829లో 693 పద్యాలు అచ్చువేసే నాటికి ఎదుర్కొన్న తంటా కూడా ఇదే: లేఖకులు తోచిన మాట పెట్టేసి పోయారు. మనిషి లేఖకుడు ఒక ప్రతినే పాడుచేయగలడు. యంత్రం ఒక్క రాత్రిలో మొత్తం భాండాగారాన్ని పాడుచేస్తుంది.

పనిముట్లకు ఆయుష్షు తక్కువ అన్న సంగతి కూడా దాచకూడదు. పాఠాలను గణించి చూడటం నేర్పేందుకు జేస్టోర్ మాతృసంస్థ నడిపిన 'కాన్‌స్టెలేట్' వేదిక 2025 జూలైలో మూతపడింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రయోగశాల ఎంతో పేరు తెచ్చుకుని, కొన్నేళ్లకే చెదిరిపోయింది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే దాని కేటలాగే నెలల తరబడి అందలేదు. గ్రాంటు ఆగినా, మనిషి బదిలీ అయినా, సర్వర్ కూలినా మెరిసే తెర పోతుంది. ఓల్డ్ బెయిలీ పాఠం మాత్రం ఫైళ్లుగా దించుకోవచ్చు. షెరాట్ తన కోడ్‌ను అందరికీ ఇచ్చేశాడు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలు బతికింది కూడా ఎవరో ప్రతులు తీసుకున్నందువల్లే.

అందుచేత తెలుగు సంగ్రహాలు చేతిలో ఉన్న విశ్వవిద్యాలయాలకూ, అకాడమీలకూ, ప్రభుత్వ గ్రంథాలయాలకూ ఈ సభ తరఫున విన్నపం ఒకటే. అందమైన వెబ్‌సైటుకు టెండరు పిలవడానికి ముందు, ఉన్న స్కాన్లనూ కేటలాగునూ మూటగా ఎవరైనా దించుకునేటట్టు ఇవ్వండి. పుస్తకం పేరు, రచయిత పేరు తెలుగు లిపిలో, సంవత్సరంతో సహా సరిచేయించండి. గ్రంథాలయశాస్త్రం చదివే విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇస్తే వాళ్ల చదువుకూ పనికొస్తుంది. కాపీరైటు తీరిన పత్రికలను తాళం వేసి దాచడం వల్ల ఎవరికీ లాభం లేదు. పనిముట్లు చేసేవాళ్లు ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే వస్తారు. షెరాట్‌నూ బాగ్నల్‌నూ ఆ ముఖాల గోడ కట్టమని ఎవరూ పురమాయించలేదు.

సభలో కూర్చున్న పాఠకులకు మరో మాట. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పేజీలు ఒక పక్క స్కానూ, మరో పక్క యంత్రం చదివిన పాఠమూ పెట్టుకుని వరసగా ఉన్నాయి. దిద్దాల్సినవి ఎరుపు, ఒకసారి దిద్దినవి పసుపు, రెండో మనిషి సరిచూసినవి ఆకుపచ్చ. ఓల్డ్ బెయిలీ డబ్బు పెట్టి చేయించిన ఆ రెండు కళ్ల పనే ఇక్కడ స్వచ్ఛందంగా నడుస్తోంది, నడిపేవాళ్లే చాలడం లేదు. అరసున్న ఎక్కడ ఉండాలో, ఏది సరళాదేశమో తెలిసిన తరం ఈ సభలో ముందు వరసల్లో కూర్చుని ఉంది. ఆ విద్య ఇప్పుడు నేరుగా అక్కరకొచ్చేది అక్కడే. ఈ రాత్రి ఇంటికెళ్లాక ఏదైనా ఒక పుస్తకం తెరిచి, ఎర్ర పేజీ ఒకటి దిద్ది పెట్టండి.